అజగరము – మేకలదొడ్డి

సంస్కృతమున కొండచిలువకు అజగరమని పేరు. అజమనగా మేక. మేకను మింగునది కావున అజగరమైనదని నిఘంటుకారులు అర్థము చెప్పుదురు. పట్టణములో రేడియో యొద్ద కూర్చుండి వినువారికి ఇది యొక పదవ్యుత్పత్తి మాత్రమే. అరకునుండి పాడేరునకు పోవు త్రోవలో, చాపరాయి గెడ్డ పరిసరములలో, డుంబ్రిగుడ మండలపు కొండవాలు పల్లెలలో కాపురముండు గిరిజన కుటుంబమునకు మాత్రము ఇది ఇంటి జమాఖర్చులలోని మాట. ప్రొద్దు గ్రుంకువేళ మంద కొండ దిగివచ్చినపుడు లెక్కకు ఒక మేక తక్కువైనచో, ఆ లోటు వెనుక చిరుత ఉండవచ్చును, నక్క ఉండవచ్చును, కొండచిలువయు ఉండవచ్చును.

ఈనాటి ప్రసంగములో ఆ మేక సంగతియు, ఆ పాము సంగతియు రెండును శ్రోతలకు మనవిచేయదలచితిమి. ఒకదానిని చెప్పి రెండవదానిని విడిచిపెట్టినచో న్యాయము కానేరదు. పాములను గూర్చి ప్రేమతో మాటాడువారు మేకను మరచుచున్నారు. మేకను పోగొట్టుకొన్నవారు కఱ్ఱ చేతబట్టుచున్నారు. ఈ రెంటికి నడుమ ఆలోచింపవలసిన విషయము కొంత కలదు.

మొదట పామును గుర్తింతము. మన తూర్పు కనుమలలోని కొండచిలువ విషములేని పాము. దానికి కోరలు లేవు. వెనుకకు వంగిన వాడి పండ్లు మాత్రము వరుసలుగా ఉండును. సాధారణముగా 3 మీటర్ల పొడవుండును. 4, 5 మీటర్లవి అక్కడక్కడ కానవచ్చును. 6 మీటర్లు దాటినవి అత్యరుదు. కథలలో చెప్పుకొను తాటిచెట్టంత పాము మన అడవులలో లేదు. శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1758లోనే దీనికి శాస్త్రనామము పెట్టెను. కాని తెలుగువారికి అభిమానము కలిగించు సంగతి మరియొకటి యున్నది. 1780 ప్రాంతములలో ఈస్టిండియా కంపెనీవారి కొలువులో విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడుండెను. ఆయన ఈ తీరమునందలి పాములను సేకరించి, బొమ్మలు వ్రాయించి, స్థానికులు పలుకు పేర్లను విని అట్లే వ్రాసికొనెను. 1796లో లండనులో అచ్చయిన ఆయన గ్రంథములో కొండచిలువకు ఉన్న పేరు 'పెద్ద పొడ'. పొడ యనగా మచ్చ. మన కోస్తా ప్రజల నోటిమాట ఆ విధముగా ప్రపంచ సర్పశాస్త్రములో చోటుచేసికొన్నది.

ఈ పొడ అను మాటలోనే ఒక ప్రమాదము కూడ దాగియున్నది. అదే గ్రంథములో 'కాటుక రేకుల పొడ' అను మరియొక పాము కలదు. అది మనము రక్తపింజరి యని పిలుచు మహావిషసర్పము. నేడు రస్సెల్ పేరుతోనే లోకమంతట ప్రసిద్ధమైయున్నది. కొండచిలువ పిల్లకును రక్తపింజరికిని చూపులో పోలిక యెక్కువ. రక్తపింజరి వీపుమీద అండాకారపు మచ్చలు గొలుసువలె మూడు వరుసలలో చక్కగా పేర్చినట్లుండును. కొండచిలువ మచ్చలు పెద్దవి, అంచులు తీరులేనివి. ఐనను మసకచీకటిలో ఈ భేదమును పరీక్షింప బూనుట ప్రాణాంతకము. చిన్నదైన పొడపామును కొండచిలువ పిల్లయని తలచి చేత పట్టరాదు. రక్తపింజరి యని తలచి చావగొట్టనక్కరయు లేదు. దూరముగా తొలగుటయే మంచిది.

ఈ కొండలలో మరియొక మహాసర్పము కూడ కలదు. అది గిరినాగు. విషసర్పములలో లోకములోకెల్ల పొడవైనది అదియే. ఐతే దాని ముఖ్యాహారము ఇతర సర్పములు. మేకలదొడ్డితో దానికి పనిలేదు. మందకు సంబంధించిన పెనుబాము కొండచిలువ యొక్కటియే.

ఇక అది వేటాడు విధమును చూతము. కొండచిలువ తరిమి పట్టునది కాదు, పొంచి పట్టునది. గెడ్డ యొడ్డున, తుప్పల మొదట, ఎండుటాకులలో కలిసిపోయి గంటలకొలది, ఒక్కొకప్పుడు దినములకొలది కదలక పడియుండును. భాగవతమున ప్రహ్లాదునకు ఎదురైన మునీశ్వరుడు, కోరక దొరకిన దానితో తృప్తినొందుచు పడియుండు తన వ్రతమునకు అజగరమునే ఉపమానముగా చెప్పెను. ఆ ఓర్పు కల్పితము కాదు. దాని పెదవులపై చిన్న చిన్న గుంటలు కలవు. వెచ్చని నెత్తురుగల ప్రాణి దరికి వచ్చినపుడు ఆ వేడిమిని అవి పసిగట్టును. కావున కన్ను కానని చీకటిలో కూడ మేక యెక్కడ నిలిచినదో దానికి తెలియును.

ప్రాణి అందుబాటునకు రాగానే ఒక్కపెట్టున కరచి పట్టుకొని, క్షణములో చుట్లు వేయును. ఎముకలను పొడిచేయునని లోకమున ఒక వాడుక గలదు; అది నిజము కాదు. ఊపిరి సలుపనీయక చంపునని శాస్త్రజ్ఞులును చాలకాలము తలచిరి. 2015లో అమెరికాలో బోవా యను జాతి పాములమీద చేసిన పరిశోధనలో, చుట్టు బిగిసిన కొలది సెకనులలోనే నెత్తుటి ప్రసారము అడ్డగింపబడుచున్నదని తేలినది. గుండెకు, మెదడుకు నెత్తురందక ప్రాణి త్వరగా స్పృహ తప్పును. మన కొండచిలువ పట్టును గూడ ఈ విధముగనే అర్థము చేసికొనవచ్చును. పట్టు చిక్కిన మేక బ్రదుకుట బహు అరుదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొన కోరుచున్నాము. తరువాత దీనితో పనియున్నది.

మింగుట మరియొక విచిత్రము. పాము క్రిందిదవడ రెండు భాగములు మన దవడవలె ముందు అతుకుకొని యుండవు. సాగెడు నరమువంటి కట్టుతో కూడియుండును. అందుచే తన తలకంటె ఎన్నోరెట్లు లావైన ప్రాణిని తలవైపునుండి నెమ్మదిగా లోనికి తీసికొనగలదు. ఐనను దీనికి హద్దు కలదు. ప్రాణి భుజముల వెడల్పే ఆ హద్దు. మేకపిల్ల, మేక, చిన్నదూడ మింగుడుపడవచ్చును. ఎదిగిన ఆవు, ఎద్దు, గేదె మింగుడుపడవు. ఎద్దును మింగిన కొండచిలువ కథ కథగానే వినదగినది.

అడవిలో దాని భోజనము ఎలుకలు, పందికొక్కులు, కుందేళ్లు, ముళ్లపందులు, కోతులు, కొండముచ్చులు, జింకపిల్లలు, అడవిపంది పిల్లలు, పక్షులు, ఉడుములు. పెద్దది చుక్కలజింకను సైతము పట్టును. ఈ శతాబ్దమునకు వెనుకటి శతాబ్దారంభమున భారతదేశపు పాములను గూర్చి వ్రాసిన ఫ్రాంక్ వాల్, ఒక కొండచిలువ చిరుతపులినే మింగిన ఉదంతమును పేర్కొనెను. ఇట్టివి అపూర్వములు. మనుష్యుని మింగిన వార్త 2017లో ఇండోనేషియాలోని సులవేసి ద్వీపమునుండి వచ్చినది. అది నిజమే కాని, ఆ పాము వేరు జాతిది. వలవంటి చారలుగల ఆ పాము మన తూర్పు కనుమలలో లేదు. కావున ఆ వార్త విని డుంబ్రిగుడ అడవిలో మనుష్యులు భయపడనక్కరలేదు. చిన్నపిల్లలను మాత్రము ఏ పెనుబాము దరికిని పోనీయరాదు.

ఇప్పుడు మేక సంగతికి వత్తము. కొండపల్లెలో మేక యనగా బ్యాంకులో సొమ్మువంటిది. పోడులో చోళ్లు, సామలు, పల్లములో కొంత వరి, వలిసె చేలు, ఇంటివెనుక కాఫీ మొక్కలు – ఇవి యన్నియు ఋతువునుబట్టి పండునవి. జబ్బు ఋతువును చూచి రాదు. బడికి పోవు పిల్లవాని ఖర్చును అంతే. అట్టి వేళ సంతకు తోలుకొనిపోయి అమ్ముకొనదగినది మేక యొక్కటియే. నాలుగు మేకలు గల ఇంటిలో ఒకటి పోయినచో నాలుగవవంతు నిలువ పోయినట్లు. పట్టణమున కూర్చుండి "ఒక్క మేకయే గదా" యని తేలికగా అనువారు, తమ నిలువలో నాలుగవవంతు ఒక్క సాయంకాలమున పోయినచో ఊరకుందురా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. ఆ కుటుంబమునకు కలుగు కోపము న్యాయమైనదే.

కాని కోపము న్యాయమైనంత మాత్రమున కఱ్ఱ ఎత్తుట లాభము కాదు. ఎట్లనగా, మేకను మింగిన కొండచిలువ మన కంటబడువేళకు మేక చనిపోయి యుండును. పామును చంపినను అది తిరిగిరాదు. మింగిన పాము నిండిన కడుపుతో పరుగిడలేదు. మయన్మారు కొండచిలువలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించిన దానినిబట్టి, పెద్ద భోజనము చేసిన రెండు దినములలో దాని గుండెకండరము నూటికి 40 వంతులు పెరుగును. జీర్ణక్రియకు శరీరమంత కష్టపడవలసియుండును. అట్టి వేళ ఎవరైన బెదరించినచో మింగినదానిని కక్కివేసి తప్పించుకొన జూచును. అనగా మనుష్యుడు సామాన్యముగా కొండచిలువను చంపునది, అది అపాయకరమైన వేళ కాదు. అన్ని వేళలకంటె నిస్సహాయమైన వేళ. ఒక్క పెద్ద భోజనము తరువాత అది వారములతరబడి, ఒక్కొకప్పుడు నెలలతరబడి మరల తినకయే యుండగలదు. ఆ పాము మరునాడే రెండవ మేకకు వచ్చునను భయమునకు ఆధారము తక్కువ.

ఐనను చంపుటకు మరియొక కారణము గలదని మాకు తోచుచున్నది. దానిని ఎక్కువమంది గమనింపరు. చిరుత మేకను చంపినచో జాడ మిగులును. కళేబరమో, నెత్తురో, అడుగుగుర్తులో కానవచ్చును. కొండచిలువ ఏమియు మిగుల్పదు. కొమ్ము, గిట్ట, తోలుతో సహా మింగివేయును. నష్టపోయిన కుటుంబము "మా మేకను పాము తిన్నది" అని చెప్పినచో, నిజమేనా యని అడుగువారికి చూపుటకు చేతిలో ఏమియు లేదు. కావుననే పామును చంపి, కడుపుచీల్చి, మేకను బయటకు తీసి నలుగురికి చూపుట జరుగుచుండును. అది క్రూరత్వము మాత్రమే కాదు. ఋజువు కొరకు పడు తహతహ కూడ. ఈ సంగతి తెలిసికొననిదే చట్టమును బోధించుట వృథా.

చట్టము కఠినమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో కొండచిలువ మొదటి షెడ్యూలునకు చేరినది. పులితో సమానమైన రక్షణ దానికి గలదు. చంపినవారికి 3 సంవత్సరములకు తక్కువ కాక, 7 సంవత్సరముల వరకు కారాగారమును, జరిమానాయు విధింపవచ్చును. తన ప్రాణమునుగాని, మరియొక మనుష్యుని ప్రాణమునుగాని సద్బుద్ధితో కాపాడుకొనుటకు చంపినచో నేరము కాదు. కాని మేకను కాపాడుట ఆ మినహాయింపులో లేదు. ఒక మేకను పోగొట్టుకొన్న ఇంటి యజమాని కోపములో రెండవ నష్టమును కూడ తెచ్చుకొనుట మిక్కిలి శోచనీయము.

ఇక కొండచిలువ ఊరిదరికి ఎందుకు వచ్చుచున్నదో విచారింతము. అడవిలో కుందేలు, ముళ్లపంది, జింక సమృద్ధిగా నున్నచోట దానికి మేకతో పనిలేదు. అడవి పలుచబడి, పొదలు తరిగి, వేట హెచ్చినచోట వెచ్చని నెత్తురుగల ప్రాణి మందలోనే మిగులును. చైత్రమున ఇటుకల పండుగనాడు మగవారందరు అడవికి వేటకు పోవుట ఈ కొండలలో తరతరాల ఆచారము. ఆచారమును నిందించుట మా యుద్దేశము కాదు. కాని నాటి అడవి వేరు, నేటి అడవి వేరు. అడవిలో చిన్నప్రాణి మిగిలినకొలది దొడ్డిలోని మేక భద్రముగా నుండునను లెక్కను గ్రామపెద్దలు ఆలోచింపవలసియున్నది. మరియు చేనిని పాడుచేయు ఎలుకను, పందికొక్కును, అడవిపంది పిల్లను తినునదియు ఈ పామే. చోళ్ల చేను గలవారికి ఇది చిన్న మేలు కాదు.

పాము తన చోట ఉండుట యెంత మేలో, తనది కానిచోట ఉండుట యెంత కీడో అమెరికా దేశము చూపుచున్నది. ఫ్లోరిడాలో పెంపుడునకు తెచ్చిన మయన్మారు కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ అను చిత్తడి అడవిలో చేరి పెరిగిపోయినవి. 2012లో వెలువడిన పరిశోధన ప్రకారము అచ్చట రకూన్ అను జంతువు కానవచ్చుట నూటికి 99 వంతులకు మించి తగ్గినది. 2017లో మన తమిళనాడు ఇరుళ తెగవారు ఇద్దరు అచ్చటికి పోయి జాడలు తీసి పాములను పట్టి చూపిరి. అచ్చట జంతువులకు ఆ పాముతో పరిచయము లేదు. దానిని అదుపుచేయు శత్రువులును చాలరు. మన కొండలలో కొండచిలువయు, జింకయు, నక్కయు, ముంగిసయు యుగయుగములుగా కలిసి పెరిగినవి. ఒకదాని లెక్క నొకటి సరిచూచును. ఆ లెక్కలో వేలు పెట్టినది మనుష్యుడే.

ఆచరింపదగిన జాగ్రత్తలు కొన్ని చెప్పెదము. మేకలదొడ్డి చుట్టు పదిగజముల మేర తుప్పలు, కట్టెలమోపులు, రాళ్లకుప్పలు లేకుండ చూడవలెను. దాగు చోటు లేనిచో పాము అచ్చట పొంచి యుండలేదు. రాత్రి మేకపిల్లలను నేలమీద గాక ఎత్తైన మంచెవంటి కొట్టములో, సందులు లేని దడితో మూసి కట్టవలెను. ఎదిగిన కొండచిలువ దూరు సందు అరచేతి వెడల్పు చాలునని తలచి దడి కట్టుట మంచిది. ప్రొద్దు గ్రుంకకముందే మందను గెడ్డ యొడ్డునుండి మళ్లింపవలెను. చలికాలపు మధ్యాహ్నములలో కొండచిలువలు ఎండకాచుకొనుటకు బండలమీదికి వచ్చును. వేసవిలో ఆడుపాము గ్రుడ్లను చుట్టుకొని, వాని వెచ్చదనము తగ్గకుండ కండరములను అదరించుచు కాచుచుండును. ఈ రెండు తావులను కాపరులు ఎరిగి దూరముగా నడువవలెను.

మేకను మింగిన పాము కానవచ్చినచో గుంపుగా చేరి బెదరింపరాదు. పిల్లలను, కుక్కలను దూరముగా నుంచవలెను. దాని ఉబ్బిన కడుపు కానవచ్చునట్లు దూరమునుండి ఛాయాచిత్రము తీయవలెను. నేడు చేతిఫోను లేని పల్లె అరుదు. గ్రామపెద్దలను ఇద్దరిని సాక్షులుగా పిలిచి, అటవీశాఖవారికి వెంటనే తెలుపవలెను. కదలక పడియున్న ఆ పామే నష్టమునకు సాక్ష్యము. దానిని చంపినచో సాక్ష్యము పోయి నేరము మిగులును. బ్రదికించినచో అర్జీకి బలము కలుగును.

చివరకు పట్టణవాసులకును, అధికారులకును ఒక మాట. కొండచిలువ బ్రదుకవలెనని దేశమంతయు కోరుచున్నది; అందులకు చట్టము చేసికొన్నది. కాని ఆ కోరికకు వెల చెల్లించుచున్నది మాత్రము కొండమీద నాలుగు మేకలు గల కుటుంబము. అందరి కోరికకు ఒక్కరి మేకను వెలగా పుచ్చుకొనుట ధర్మము కాదు. అడవిమృగము వలన పశువు నష్టమైనపుడు పరిహారమను మాట కాగితముమీద నుండిన చాలదు. అది సంతనాటికి చేతికందవలెను. జాడ మిగుల్పని పాము విషయమున ఛాయాచిత్రమును, గ్రామసాక్ష్యమును అంగీకరించు ఔదార్యము కూడ ఉండవలెను.

భారతములో అరణ్యపర్వమున నహుషుడు అజగరమై భీముని చుట్టివేసినపుడు, అంతటి బలశాలి బలము ఎందుకును కొరగాలేదు. ధర్మరాజు వచ్చి ఆయుధమెత్తలేదు. పాము అడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పి తమ్ముని విడిపించుకొనెను. డుంబ్రిగుడ దొడ్డి యొద్ద నేడు అజగరము అడుగుచున్న ప్రశ్న కూడ అట్టిదే: నా బ్రదుకునకు వెల ఎవరు ఇచ్చెదరు? దానికి సమాధానము చెప్పవలసినది మేకల కాపరి యొక్కడు కాదు, మనమందరము.